విమానచోదకుల కొఱత

మన దేశమున విమానచోదకులు చాలరని వార్తాపత్రికలు తఱచుగా వ్రాయుచున్నవి. ఇంకొక వంక, చోదక లైసెన్సు పొందియు ఏండ్ల తరబడి ఉద్యోగము దొరకక యింట గూర్చున్న యువకులును కలరు. ఈ రెండు మాటలును నిజములే. ఒకే వృత్తియందు కొఱతయు, నిరుద్యోగమును ప్రక్కప్రక్కనే యుండుట యెట్లు సంభవించెను? ఈ ప్రశ్నకు సరియైన యుత్తరము తెలిసికొనుట విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును మిక్కిలి అవసరము. ఏలనన, పైలటు కావలెనని కోరు బాలబాలికలు నేడు అనేక తరగతులలో నున్నారు. ఆ కోరిక తీర్చుటకై కొన్ని కుటుంబములు పొలములు అమ్ముటయు, ఇండ్లు తాకట్టు పెట్టుటయు జరుగుచున్నది.

నా అభిప్రాయమును ముందే చెప్పెదను. మనకు కొఱత పడినది ఎగురగోరు పిల్లలు కారు. లైసెన్సు కాగితములును కావు. కొఱత పడినది అనుభవమున పండిన చోదకులు. అట్టివారిని తయారుచేయుటకు కాలము, మంచి గురువులు, న్యాయమైన ఎంపిక అను మూడును కావలెను. వీనికి బదులుగా మనము తండ్రి ధనమును ఆ విద్యకు ద్వారపాలకునిగా నిలిపితిమి. కొఱతకు మూలము ఇదియే.

మొదట అవసరమెంతయో చూతము. ఈ దేశమున మొట్టమొదటి చోదక లైసెన్సు 1929 ఫిబ్రవరి 10వ తేదీన జే. ఆర్. డీ. టాటాగారికి లభించెను. 1932 అక్టోబరు 15న ఆయన ఒక చిన్న విమానమున టపా సంచులు వేసికొని కరాచీనుండి బొంబాయికి తానే నడిపికొని వచ్చెను. ఒక్క చోదకుడు, ఒక్క యంత్రము, కొన్ని ఉత్తరములు: మన వాణిజ్య విమానయానము ఇంత చిన్నగా ఆరంభమైనది. తొంబదియేండ్లు గడచిన పిమ్మట, 2023 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా సంస్థ 470 విమానములు కొనుటకు నిశ్చయించినట్లు ప్రకటించెను. ఆ జూను నెలలోనే ఇండిగో సంస్థ 500 విమానములకు ఆర్డరు ఇచ్చెను. రెండును కలిపి 970. విమానము రేయింబవళ్లు తిరుగును గాని మనుష్యుడు తిరుగలేడు. కావున ఒక్కొక్క విమానమునకు పలువురు చోదకులు వంతులవారిగా పనిచేయవలెను. విమానమునకు పదిమంది చొప్పున లెక్కించినను 9,700 మంది కావలసి వత్తురు. ఆ విమానములలో కొన్ని పాతవాటికి బదులుగా వచ్చునవి యైనను, ఈ సంఖ్య చిన్నది కాదు.

ఇక లైసెన్సుల మాట. 2023లో మన పౌరవిమానయాన డైరెక్టరు జనరలు కార్యాలయము 1,600కు పైగా వాణిజ్య చోదక లైసెన్సుల నిచ్చెను. అంతకుముందెన్నడును ఒక్క యేట అన్ని లైసెన్సులు ఈయబడలేదు. ఏటికి 1,600 చొప్పున ఆఱేండ్లు గడచినచో 9,600 మంది యగుదురు, ఇంక కొఱత యెక్కడిదని గణితము తెలిసిన బాలుడు అడుగవచ్చును. కాని పెద్ద విమానముయొక్క ముందుగదిలో రెండు పీఠము లుండును. ఎడమది కెప్టెనుది, కుడిది సహచోదకునిది. క్రొత్తగా లైసెన్సు పొందినవాడు కుడి పీఠమునకు మాత్రమే అభ్యర్థి. ఎడమ పీఠమున కూర్చుండువాడు లేనిదే కుడి పీఠమువానికి పని లేదు. మన దేశమున జనసమ్మర్దము కుడి పీఠమునకు. కొఱత ఎడమ పీఠమునకు.

కుడి పీఠమునుండి ఎడమ పీఠమునకు మూరెడు దూరమే. కాని ఆ మూరెడు దాటుటకు ఏండ్లు పట్టును. ఈ మార్గము నెఱుగనివారి కొఱకు మెట్లను క్రమముగా చెప్పెదను. లైసెన్సు పొందుటకు 18 ఏండ్లు నిండవలెను. కన్ను, చెవి, గుండె మొదలగువానిని పరీక్షించు వైద్యపరీక్షలు రెండు తరగతులుగా నున్నవి. రెండవ తరగతి పరీక్షలో తేలినవాడు పిమ్మట కఠినమైన మొదటి తరగతి పరీక్షలో తేలవలెను. ఆకాశమార్గ గణనము, వాతావరణ శాస్త్రము, విమానయాన నిబంధనలు, యంత్ర విషయములు అను పరీక్షలలో నూటికి 70 మార్కులు తెచ్చుకొనవలెను. రేడియోమీద ఆంగ్లమున తడబడక మాటలాడగల నేర్పు వేఱుగా పరీక్షింపబడును. ఇవిగాక 200 గంటలు ఎగిరి యుండవలెను. అందు 100 గంటలు తానే విమానాధిపతియై నడిపి యుండవలెను. ఇంతయు అయిన పిమ్మట, ఏ రకపు జెట్టు విమానమును నడుపదలచెనో ఆ రకమునకు ప్రత్యేకశిక్షణ పొందవలెను. దీనిలో చాలభాగము సిమ్యులేటరు అనబడు, నేలమీదనే యుండి ఆకాశయానమును అనుకరించు యంత్రములో జరుగును.

అప్పటికి అతడు సహచోదకుడగును. కెప్టెను కావలెనన్నచో 21 ఏండ్లు నిండి, 1,500 గంటలు ఎగిరి, మఱియొక పెద్ద లైసెన్సు సంపాదింపవలెను. అనేక సంస్థలు దానికి మించిన అనుభవమునే కోరును. అలసట కలుగకుండుటకై ఏ చోదకుడును సంవత్సరమునకు 1,000 గంటలకు మించి ఎగురరాదను పరిమితి యున్నది. కావున ఎంత చురుకైనవాడైనను ఈ కాలమును డబ్బిచ్చి కొనలేడు. ప్రొద్దుట నాటిన మామిడి టెంక మాపటికి కాయ కాయదు గదా!

మఱి, కుడి పీఠమున నున్నవా రందఱును క్రమముగా ఎడమకు జరిగినచో కొఱత తీఱవలెను గదా? నిజమే. కాని మన దేశమున ఆ క్రమము పలుమాఱులు తెగినది. 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ తమ విమానములను నిలిపివేసినవి. 2020లో కరోనా వ్యాధివలన ఆకాశమే కొంతకాలము మూతపడెను. ఇట్టి ప్రతి సమయమునను, అనుభవజ్ఞులే ఉద్యోగముల కొఱకు క్యూలో నిలువగా, క్రొత్త లైసెన్సుదారుల నడుగు నాథుడు లేకపోయెను. విమానము నడుపు నేర్పు వాడుకలో నున్నప్పుడే పదునుగా నుండును. అట్లు ఇంట గూర్చున్నవారిలో కొందఱు వేఱు ఉద్యోగములలో చేరిరి. కొందఱు అప్పుల పాలైరి. నాడు ఒక్కొక్కరికి మెట్టు ఎక్కు అవకాశము లేకపోయినందుననే నేడు కెప్టెనులు తక్కువ పడుచున్నారు. విమానముల ఆర్డరులు పెరిగినప్పుడు సంస్థలు ఒకదాని కెప్టెనులను మఱియొకటి ఆకర్షించుకొనుటకు మొదలిడును. ఈ పోటీకి వెఱచియే 2017లో ప్రభుత్వము, కెప్టెను ఉద్యోగము మానవలెనన్న ఒక సంవత్సరము ముందుగాను, సహచోదకుడు ఆఱు నెలలు ముందుగాను తెలుపవలెనని నియమము చేసెను. ఉన్నవారిని కట్టివేసినందున క్రొత్తవారు పుట్టరు.

చోదకులు చాలినంతమంది లేనిచో ఏమగునో 2025 డిసెంబరులో దేశమంతయు చూచినది. చోదకుల అలసట తగ్గించుటకై క్రొత్త నియమములు 2024 జనవరిలోనే ప్రకటింపబడెను. వారమునకు 36 గంటల విశ్రాంతి 48 గంటలుగా పెంపబడెను. రాత్రివేళ విమానమును దింపు సంఖ్య ఆఱునుండి రెండుకు తగ్గింపబడెను. వీని రెండవ భాగము 2025 నవంబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. ఇండిగో సంస్థ తన కాలపట్టికకు తగినంతమంది చోదకులను సమకూర్చుకొనజాలక, డిసెంబరు 5న ఒక్కనాడే వేయికి పైగా ప్రయాణములను రద్దు చేసెను. పెండ్లిండ్లకు బోవువారు, పరీక్షలకు బోవువారు, రోగులు, పసిబిడ్డల తల్లులు విమానాశ్రయములలో నేలమీద పండుకొనిరి. తుదకు ఆ సంస్థకు రాత్రి నియమములనుండి తాత్కాలికముగా మినహాయింపు నీయవలసి వచ్చెను.

ఆ దినములలో, విశ్రాంతి నియమములే యీ యిబ్బందికి కారణమని కొందఱు వాదించిరి. ఆ వాదమును నేనంగీకరింపను. పదిమంది చేయు పని ఎనమండ్రచేత చేయించుచున్న రైతు, ఎండలో కూలివారికి మధ్యాహ్నపు నీడ నీయవలెనను కట్టుబాటు వచ్చినప్పుడు, కట్టుబాటును దూషించినట్లున్నది. కొఱత అంతకుముందే యున్నది. చోదకుల నిద్రను తగ్గించి దానిని కప్పిపుచ్చుచుంటిమి. నియమము వచ్చి ఆ కప్పును తొలగించినది. అంతియే.

కొఱత ముంచుకొని వచ్చినప్పుడెల్ల ప్రమాణమును తగ్గింపుడను కేక వినవచ్చును. అది ఎంత అపాయకరమో తెలియుటకు అమెరికాలో 2009లో ఒక నెలలోపల జరిగిన రెండు సంగతులను ప్రక్కప్రక్కన ఉంచి చూడుడు. జనవరి 15న న్యూయార్కు నగరమునుండి లేచిన యొక విమానమునకు పక్షులు తగిలి, రెండు యంత్రములును శక్తి కోల్పోయెను. 57 ఏండ్ల కెప్టెను సల్లెన్‌బర్గరుగారు దానిని హడ్సను నదిమీద దింపి, అందున్న 155 మందిని బ్రదికించెను. అప్పటికి ఆయన ఎగిరిన గంటలు 19,000కు పైబడినవి. ఆలోచించుకొనుటకు ఆయనకు దొరకిన కాలము నాలుగు నిమిషములైనను లేదు. ఫిబ్రవరి 12న అదే రాష్ట్రములోని బఫలో నగరము చెంత కోల్గన్ ఎయిర్ అను సంస్థ నడపిన చిన్న విమానము కూలి, అందలి 49 మందియు, నేలమీద నొకరును మరణించిరి. వేగము మిక్కిలి తగ్గినదని యంత్రము హెచ్చరించినప్పుడు విమానపు ముక్కును క్రిందికి వంచుటకు మాఱుగా కెప్టెను పైకెత్తెనని విచారణలో తేలెను. సహచోదకురాలు ముందటి రాత్రి అంతయు ఆ దేశపు పడమటి కొననుండి తూర్పు కొనకు ప్రయాణము చేసి వచ్చి, సరియైన నిద్ర లేకయే విధులలో చేరి యుండెను.

ఆ దుర్ఘటన పిమ్మట అమెరికా శాసనసభ 2010లో ఒక చట్టము చేసెను. దాని ననుసరించి 2013నుండి సహచోదకులకు కూడ సామాన్యముగా 1,500 గంటల అనుభవము కావలసి వచ్చెను. ఈ నియమమువలననే చోదకులు దొరకుట లేదని అచ్చటి చిన్న సంస్థలు మొఱపెట్టుకొన్నవి. 2022లో స్కైవెస్టు అను సంస్థ, చోదకులు లేనందున 29 చిన్న పట్టణములకు రాకపోకలు మానుకొనదలచితినని తెలిపెను. ఇచ్చట గమనింపదగిన దొకటి కలదు. బఫలోలో కూలిన విమానపు చోదకులిద్దఱికిని 1,500 గంటలకు మించిన అనుభవమే యుండెను. కావున గంటల లెక్క ఒక్కటియే రక్ష కాదు. ఆ గంటలలో ఏమి నేర్చిరి, ఎవరి యొద్ద నేర్చిరి, విధికి వచ్చునప్పుడు ఒడలు బడలియున్నదా లేదా అనునవి గంటలతో సమానముగా ముఖ్యములు. ప్రమాణము తగ్గింపుడనువారికిని, గంటలు పెంచిన చాలుననువారికిని ఇదియే సమాధానము: బోధన బాగుపడవలెను.

మన బోధన యెట్లున్నది? 2011లో కొందఱు దొంగ మార్కుల పత్రములతో లైసెన్సులు పొందిరని బయటపడి, దేశమంతట విచారణ జరిగెను. అది కొందఱి దోషము గదా యనవచ్చును. కాని 2025లో డైరెక్టరు జనరలు కార్యాలయము చోదక శిక్షణ సంస్థలకు మొదటిసారిగా శ్రేణులు నిర్ణయించినప్పుడు, మీది రెండు శ్రేణులలో ఒక్క సంస్థయైనను చేరలేదు. బోధకుల సంగతి మఱియు విచారకరము. అనేకులకు బోధకవృత్తి గంటలు కూడబెట్టుకొను మజిలీ మాత్రమే. గంటలు నిండగనే పెద్ద విమానములకు వెడలిపోవుదురు. గురువు నిలువని పాఠశాలలో విద్య నిలుచునా?

ఇక ధనద్వారము. మన దేశమున లైసెన్సు వఱకు జరుగు శిక్షణకే దాదాపు అర్ధకోటి రూపాయలు వ్యయమగును. జెట్టు విమాన శిక్షణయు కలిపి, సంస్థలు తామే నడపించు పథకములలో చేరినచో కోటి రూపాయల దరిదాపునకు చేరును. దీని ఫలిత మేమి? లక్షమంది బాలబాలికలలో మిక్కిలి తగినవారిని ఎంచుకొనుటకు మాఱు, కోటి రూపాయలు గల కొలదిమంది యిండ్లలో తగినవారికై వెదకుచున్నాము. తగిన అభ్యర్థులు దొరకుట లేదని సంస్థలు చింతించునప్పుడు, తాము వెదకిన వల యెంత చిన్నదో ఆలోచింపవలదా? శ్రీకాకుళములోనో, పాలమూరులోనో గణితమున నూటికి నూఱు తెచ్చుకొను కూలివాని కుమార్తె ఆ వలలో ఎన్నటికి పడును?

సంస్థలవారు చెప్పు మాటయు వినవలెను. మేము ఖర్చుపెట్టి నేర్పినవారు మఱియొకరి యొద్దకు పోయెదరు, అట్టి వ్యయము మేమేల భరింపవలెనని వారందురు. ఇది త్రోసివేయదగిన మాట కాదు. కాని దానికి మార్గము లేకపోలేదు. శిక్షణ వ్యయమును సంస్థ ముందుగా పెట్టి, ఉద్యోగమున చేరిన పిమ్మట జీతములో కొంత కొంతగా తీసికొనవచ్చును. నిర్ణీత కాలము పనిచేసెదనని న్యాయమైన ఒడంబడిక వ్రాయించుకొనవచ్చును. వందల విమానములకు ముందుగా ఆర్డరు పెట్టగల సంస్థలు, వానిని నడుపువారి కొఱకు ముందుగా వ్యయము చేయజాలవనుట నమ్మదగినది కాదు.

కావున నా సూచనలు మూడు. మొదటిది: ఫీజు పుచ్చుకొనకముందే దేశమంతటికిని ఒకే పోటీపరీక్షయు, వైద్యపరీక్షయు జరిపి, యోగ్యతను బట్టి ఎంపిక చేయవలెను. రెండవది: ఎంపికైనవారిలో పేదలకు ప్రభుత్వమును, విమాన సంస్థలును కలిసి వ్యయమును భరింపవలెను. ఉత్తరప్రదేశమున ఫుర్సత్‌గంజిలో ఇందిరాగాంధీ పేరిట వెలసిన జాతీయ సంస్థయు, హైదరాబాదు బేగంపేటలోని రాష్ట్ర సంస్థయు ఇట్టి విద్యార్థులకు స్థానములు పెంచవలెను. మూడవది: బోధకులకు మంచి జీతమును, గౌరవమును కల్పించి, అనుభవముగల కెప్టెనులు ఉద్యోగవిరమణ పిమ్మట బోధింపవచ్చునట్లు ప్రోత్సహింపవలెను. 2024 జూనునుండి పౌరవిమానయాన మంత్రిత్వము శ్రీకాకుళమునుండి ఎన్నికైన కింజరాపు రామమోహననాయుడుగారికి అప్పగింపబడినది. తెలుగువాడు ఈ శాఖను నిర్వహింపజూచి మనము సంతోషించుటయే చాలదు. పల్లెటూరి బడులనుండి వచ్చు పిల్లలకు ఈ ద్వారము తెఱవవలెనని మనము కోరవలెను.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాని యుత్సాహము చూచి తొందరపడి భూమి నమ్మకుడు. మొదట మొదటి తరగతి వైద్యపరీక్ష ముగియనిండు. వర్ణములను గుర్తింపజాలని కన్ను వంటి లోపము తరువాత బయటపడినచో పెట్టిన ధనమంతయు వ్యర్థమగును. శిక్షణ సంస్థలో చేర్చుటకు ముందు అచ్చట ఎగురు స్థితిలో నున్న విమానములెన్ని, బోధకులెందఱు, క్రిందటి విద్యార్థులకు 200 గంటలు పూర్తియగుటకు ఎంతకాలము పట్టెను అని అడుగుడు. ప్రభుత్వము ప్రకటించిన శ్రేణిని చూడుడు. ఉద్యోగము మాది పూచీ యని వాగ్దానము చేయువానిని నమ్మకుడు. విమానయానమున మంచి యేండ్ల వెంట చెడ్డ యేండ్లు వచ్చును. ఆ చెడ్డ యేండ్లను తట్టుకొనుటకు పిల్లవానికి ఒక పట్టమో, మఱియొక చేతిపనియో ఉండుట మేలు.

బాలబాలికలారా, మీకును ఒక మాట. గణిత భౌతికశాస్త్రములే ఈ విద్యకు పునాది. గాలి రెక్కను ఏల మోయునో తెలియనివాడు మీట లాగుట మాత్రమే నేర్చును. ఆపద వచ్చినప్పుడు ఆ నేర్పు చాలదు. ఆంగ్లమును స్పష్టముగ మాటలాడ నేర్చుకొనుడు. తెలుగు బడిలో చదివితిమని వెనుదీయకుడు; రేడియోమీద కావలసినది అలంకారములు కావు, పొల్లుపోని చిన్న వాక్యములు. పరీక్షలో ప్రక్కవాని కాగితము చూడకుండుటయు ఈ విద్యలో భాగమే. తాను చేసిన పొరపాటును వెంటనే చెప్పగల చోదకునితోడనే విమానము క్షేమము. బాలికలు మఱింత ధైర్యముగ నుండవచ్చును. మన దేశమున చోదకులలో నూటికి 15 మంది వఱకు స్త్రీలే. ఇది అమెరికా దేశపు పాలుకంటె రెండింతలకు మించినది.

విమానములో కూర్చున్న ప్రయాణికుడు ముందుగదిలోని మనుష్యుని చూడడు. అతని పేరైనను ఎఱుగడు. ఐనను తన బిడ్డను ఒడిలో పెట్టుకొని నిద్రపోవును. ఆ నిద్రకు తగినవానిని ఎన్నుకొనునప్పుడు అతని తండ్రికి ఎన్ని యెకరములున్నవని అడుగుట న్యాయమును కాదు, క్షేమమును కాదు.